పరిశీలన లేని పేటెంటుకు ఇంజంక్షన్ ఇవ్వొచ్చా?

చైనా విద్యుత్ పరికరాల సంస్థ చింట్ 2006లో ఫ్రెంచి దిగ్గజం ష్నైడర్‌పై దావా వేసింది. ఆధారం, ఓ చిన్న సర్క్యూట్ బ్రేకర్‌పై పొందిన యుటిలిటీ మోడల్ పేటెంటు. ఉత్పత్తి ఆపాలని, సుమారు 33 కోట్ల యువాన్ల పరిహారం చెల్లించాలని 2007లో వెన్‌జౌ కోర్టు ఆదేశించింది. అప్పీలు నడుస్తుండగా 2009లో 15.75 కోట్ల యువాన్లకు రాజీ కుదిరింది.

యుటిలిటీ మోడల్ అంటే చిన్నపాటి సాంకేతిక మెరుగుదలకు దక్కే పదేళ్ల హక్కు. కొత్తదనాన్ని లోతుగా పరిశీలించకుండానే నమోదు చేస్తారు. చిక్కంతా అక్కడే. చెల్లుబాటు తేలకముందే కోర్టు ఇంజంక్షన్ ఇస్తే ప్రత్యర్థి ఉత్పత్తి ఆగిపోతుంది. తర్వాత ఆ హక్కు రద్దయినా పోయిన మార్కెట్ తిరిగిరాదు. అలాగని అసలు ఇవ్వకపోతే, పదేళ్ల హక్కు వాయిదాల్లోనే కరిగిపోతుంది.

అందుకే పేటెంట్ కార్యాలయం నుంచి మదింపు నివేదిక తెమ్మని అడిగే అధికారం చైనా చట్టం కోర్టులకు ఇచ్చింది. జర్మనీలో ప్రతివాది అదే దావాలో చెల్లుబాటును సవాలు చేయవచ్చు.

మన దగ్గర యుటిలిటీ మోడల్ చట్టం లేదు. కేంద్రం 2011లో చర్చాపత్రం విడుదల చేసినా చట్టం రాలేదు. పేటెంటు మంజూరైనంత మాత్రాన చెల్లుబాటుకు హామీ లేదని 1978లోనే, పాత్రల తయారీ పరికరం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పరిశీలించి ఇచ్చిన పేటెంటుకే ఆ హామీ లేనప్పుడు, పరిశీలించని దానికి ఎక్కడిది? రేపు చట్టం తెస్తే రెండు షరతులు తప్పనిసరి: ఇంజంక్షన్ కోరేవారు మదింపు నివేదిక చూపాలి, హక్కు వీగిపోతే ప్రత్యర్థి నష్టం భరిస్తామని పూచీకత్తు కట్టాలి. లేకుంటే చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన చట్టమే వాటి షట్టర్లు దించుతుంది.