ఐరిష్ స్ట్యూలో అల్లం వెల్లుల్లి ఎందుకండీ?

డబ్లిన్‌లో దిగి రెండు నెలలు కాకముందే మనవాళ్ళ నోట వచ్చే మాట ఒకటుంది. "వీళ్ళ తిండిలో ఏముందండీ, ఉప్పూ కారం లేని చప్పిడి కూడు!" అని. సరే, ఎవరి నాలుక వాళ్ళిష్టం. నా గొడవ దాంతో కాదు. అదే మనిషి ఆర్నెల్లు పోయాక ఓ ఆదివారం "ఇవాళ మా ఇంట్లో ఐరిష్ స్ట్యూ" అని ఫొటో పంపిస్తాడు చూశారూ, దాంతో. ఆ ఫొటోలో గిన్నె పసుప్పచ్చగా మెరుస్తూ ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, రెండు లవంగాలు, ఓ దాల్చినచెక్క ముక్క, పైన కొత్తిమీర. బాబూ, దాన్ని మా సీమలో ఉర్లగడ్డ మాంసం కూర అంటారు. బ్రహ్మాండమైన కూర. పెడితే నేనూ మారు వడ్డించుకుంటాను. కాకపోతే దాని పేరు అది కాదు.

ఏదో ఒక పేరు, తినడానికి బావుంటే చాలదా అంటారేమో. చాలదు. రేపు ఎవరో ఐరిష్ ఆయన పాలకూరలో మాంసం వండి, కారం బదులు క్రీమ్ పోసి, "గోంగూర మాంసం చేశాను, రండి" అని పిలిస్తే మనం ఊరుకుంటామా? ఇంటికొచ్చి మూడు రోజులు చెప్పుకుని నవ్వుకుంటాం. 

అసలు ఐరిష్ స్ట్యూ అంటే ఏమిటంటే: గొర్రె మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, నీళ్ళు. ఉప్పు, మిరియాలు. ఉంటే కాస్త థైమ్, దింపాక గుప్పెడు పార్స్‌లీ. అంతే, అయిపోయింది. ఈ జాబితా చదవగానే మన చెయ్యి పోపులపెట్టె వైపు పోతుంది. రాసినవాడు ఏదో మర్చిపోయాడు అనిపిస్తుంది. ఏమీ మర్చిపోలేదు.

వీళ్ళలో వీళ్ళకే తగువులున్నాయి లెండి. మరీ చాదస్తులైతే కేరట్ వేసినా ఒప్పుకోరు. అలాగని కేరట్ వేసేవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. కార్క్ దగ్గర బాలిమలూ హౌస్‌లో 1964లో రెస్టారెంటు తెరిచి, ఐరిష్ ఇంటి వంటకి పరువు తెచ్చిన మిర్టిల్ ఆలెన్ (2018లో పోయారు) గారి ఇంటి స్ట్యూలో కేరట్ ఉంటుంది, మాంసం వేయించడం కూడా ఉంటుంది. బార్లీ గింజలు వేసేవాళ్ళున్నారు. నా మటుకు నాకు కేరట్ వద్దు. ఉల్లిపాయ రెండు గంటలు ఉడికి ఇచ్చే తీపి చాలు, ఇంకో తీపి ఎందుకు? ఇక గిన్నిస్ పోసి గొడ్డు మాంసంతో చేసేది వేరే వంట. బావుంటుందిట, కానీ వేరే వంట. టూరిస్టులు తిరిగే వీధుల్లో దాన్నే ఐరిష్ స్ట్యూ అని అమ్మేస్తుంటారు, వాళ్ళ మీద నాకు మనవాళ్ళ మీదకన్నా ఎక్కువ కోపం.

మా వృత్తిలో ఒక జబ్బుంది. చక్కగా పనిచేస్తున్న ప్రోగ్రాముకి ప్రతి మీటింగులో ఎవరో ఒకరు ఒక ఫీచరు తగిలిస్తారు. ఏ ఒక్కదాన్నీ తప్పని చెప్పలేం, ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది. రెండేళ్ళయ్యాక చూస్తే అసలది దేనికోసం రాశారో రాసినవాడికే గుర్తుండదు. నాలుగు వస్తువుల వంటకి కూడా ఇదే జరుగుతుంది. "కొంచెం వెల్లుల్లి వేస్తే ఏం పోయింది?" అనేది మొదటి ఫీచర్ రిక్వెస్టు :)

సరే, మాంసం సంగతి. మన దగ్గర మేకైనా పొట్టేలైనా మటనే. ఇక్కడ అలా కాదు. ఏడాది లోపుది లాంబ్, అది దాటితే హాగెట్, ముదిరిన గొర్రె మటన్. సూపర్ మార్కెట్లో దొరికేదంతా దాదాపు లాంబే. పాతకాలపు స్ట్యూ మాత్రం మటన్‌ది. గొర్రెని ఉన్ని కోసం, పాల కోసం పెంచుకునేవాళ్ళు, పనికొచ్చినన్నాళ్ళూ దాన్ని కొయ్యరు కదా. ముసలిదయ్యాకే గిన్నెలోకి. ముదురు మాంసం మెత్తబడాలంటే సన్న మంట మీద గంటల తరబడి ఉడకాలి. ఈ వంట పద్ధతంతా ఆ ఒక్క అవసరంలోంచి వచ్చిందే. ఇప్పుడు మటన్ కావాలంటే హలాల్ కొట్టుకి వెళ్ళి అడగాలి. ఐరిష్ వాళ్ళ జాతీయ వంటకి అసలు సరుకు హలాల్ కొట్లో దొరకడం నాకు భలే సరదాగా అనిపిస్తుంది.

ముక్క ఎముకతో ఉండాలి. మెడ, భుజం శ్రేష్ఠం. చూడ్డానికి అందంగా ఉంటాయని బోన్‌లెస్ ముక్కలు, కాలి ముక్కలు కొనుక్కొస్తారు, అవి ఎండిపోయి పీచుపీచుగా తేలతాయి. మెడలో, భుజంలో ఉండే కొలాజెన్ నెమ్మదిగా కరిగి జెలాటిన్ అయితేనే ఆ నీళ్ళు పెదవులకి అంటుకునే పులుసవుతాయి. మన పాయా ఉడికించినవాళ్ళెవరికీ ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

నలుగురికైతే కిలో మాంసం, కిలోంబావు దుంపలు, అరకిలో ఉల్లిపాయలు, ఆరువందల మిల్లీలీటర్ల నీళ్ళు. బరువైన మూత ఉన్న గిన్నె (ఇనపదైతే మరీ మంచిది). అడుగున సగం దుంపలు పల్చటి చక్రాల్లా కోసి పరచాలి. దానిమీద ఉల్లిపాయలు, మాంసం, మళ్ళీ ఉల్లిపాయలు, ప్రతి వరసకీ ఉప్పూ మిరియాల పొడి. పైన మిగిలిన దుంపలు సగానికి కోసినవి. నీళ్ళు పోసి, పొయ్యి మీద ఒక్క పొంగు రానిచ్చి, మూతపెట్టి 150 డిగ్రీల ఓవెన్‌లో రెండు నుంచి రెండున్నర గంటలు. మధ్యలో కలపకూడదు. అడుగు దుంపలు కరిగి పులుసుని చిక్కపరుస్తాయి, పైవి ఆవిరికి ఉడికి ముక్కలుగా నిలుస్తాయి. మైదా అక్కర్లేదు, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు.

ఈ కరగడం అన్నది దుంప రకాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ దుంప అంటే ఒకటే దుంప కాదు, మనకి బియ్యంలో ఉన్నన్ని పట్టింపులున్నాయి. ఎర్ర తొక్కది రూస్టర్, కార్లో దగ్గర ఓక్ పార్క్‌లో టీగాస్క్ అనే ప్రభుత్వ వ్యవసాయ సంస్థ వాళ్ళు పుట్టించిన రకం, ఏ కొట్లో చూసినా అదే. లేత గులాబీ రంగుది కెర్స్ పింక్, పుట్టిందేమో స్కాట్లండ్‌లో, మోజేమో ఇక్కడివాళ్ళది. రెండూ పిండిపిండిగా విచ్చుకుంటాయి. కొత్త దుంపలు, సలాడ్ దుంపలు అని అమ్మేవి సబ్బు ముక్కల్లా గట్టిగా ఉంటాయి, వాటితో పులుసు నీళ్ళగానే మిగులుతుంది. ఇంకోటి, మనకి దుంప కోయగానే నల్లబడకుండా నీళ్ళలో వేసే అలవాటు. ఇక్కడ వద్దు. చిక్కదనం అంతా ఆ నీళ్ళలోనే పోతుంది.

కుక్కర్ గురించి అడుగుతారని తెలుసు. నాలుగు విజిళ్ళకి మాంసం ఉడుకుతుంది, కాదనను. కానీ అన్నీ కలిపి పెడితే దుంపలు పైవీ కిందివీ తేడా లేకుండా గుజ్జయిపోతాయి. వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి చేసుకోవాలంటే మాంసమూ ఉల్లిపాయలూ కుక్కర్లో ముప్పాతిక ఉడికించి, తర్వాత దుంపలు వేసి మామూలుగా మూతపెట్టుకోండి. ఆదివారం మాత్రం రెండు గంటలు దానికివ్వండి, మీరు చెయ్యాల్సిన పని కూడా ఏమీ ఉండదు. 

మాంసం ముందుగా వేయించాలా వద్దా? వేయిస్తే ఒక రుచి పెరుగుతుంది, నిజమే. కానీ ఇది తెల్లటి స్ట్యూ. పూర్వం పల్లెటూళ్ళలో టర్ఫ్ అని, ఎండబెట్టిన బురద గడ్డల మంట మీద ఒక్కటే ఇనపకుండ వేలాడేది, దాన్ని బాస్టిబుల్ అంటారు. మూత మీద కూడా నిప్పులు పేర్చేవాళ్ళు, మనం దమ్‌కి పెట్టినట్టే. రొట్టె అందులోనే, మాంసం అందులోనే. అన్నీ ఒకేసారి వేసి మూతపెట్టెయ్యడమే. గొర్రె వాసన వస్తుందంటారు. వస్తుంది మరి, గొర్రె కదా! మసాలా వేసేది ఆ వాసన పోగొట్టడానికే అయితే, ఆ మాంసం తినడం ఎందుకు అని నా ప్రశ్న. మసాలా వంటలో మాంసం కొంచెం అటూ ఇటూ అయినా గట్టెక్కుతాం. ఇందులో దాక్కోడానికి చోటు లేదు. మాంసం బాగోకపోతే తెలిసిపోతుంది, ఉప్పు తక్కువైతే తెలిసిపోతుంది. చప్పిడి కూడు వండటం తేలికన్నవాళ్ళు ఒకసారి వండి చూడాలి.

సంప్రదాయం అన్నాం గానీ, ఎవరి సంప్రదాయం అని కూడా అడగాలి. 1841 జనాభా లెక్కల్లో ఐర్లండ్‌లో దాదాపు 82 లక్షల మంది. అందులో ఓ 30 లక్షల మంది బతుకు పూర్తిగా దుంప మీదే. కూలి చేసే మగమనిషి రోజుకి ఐదారు కిలోల దుంపలు తినేవాడు, పక్కన మజ్జిగ. మాంసం ఎక్కడిది? గిన్నెలో గొర్రె ముక్క పడాలంటే అంతకంటే కాస్త కలిగినవాళ్ళయ్యుండాలి. 1845 సెప్టెంబరులో ఇక్కడి చేలల్లో తెగులు కనబడింది. బీదవాళ్ళు ఎక్కువగా లంపర్ అనే ఒక్క రకం మీదే ఆధారపడ్డారు, ఒక్క తెగులుకే పంట చాలావరకు కుళ్ళిపోయింది. 1852 నాటికి సుమారు పది లక్షల మంది ఆకలికీ జ్వరాలకీ పోయారు, అంతకు మించి జనం ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఇవాళ్టికీ ఈ ద్వీపం మొత్తం, ఉత్తరం కూడా కలుపుకున్నా, ఆ 82 లక్షలకి చేరలేదు. ఆ ఏళ్ళలోనే ఇక్కణ్ణుంచి ఇంగ్లండుకి ధాన్యం ఓడల్లో వెళ్తూనే ఉంది.

1847లో లండన్ నుంచి అలెక్సిస్ సోయర్ అనే పేరుమోసిన వంటవాణ్ణి డబ్లిన్‌కి పిలిపించి గంజి కేంద్రం పెట్టించారు. ఆయన చవక సూపు లెక్క చూడండి. రెండు గ్యాలన్లకి, అంటే తొమ్మిది లీటర్లకి, పావు పౌను మాంసం. నూట పదమూడు గ్రాములు! నేను పైన రాసినదాంట్లో అరలీటరు చిల్లర నీళ్ళకి కిలో. ఆ కొలత తెలిశాక ఈ గిన్నెలో నాలుగే వస్తువులున్నాయని చిన్నచూపు చూడ్డం నావల్ల కాలేదు. ఇది బీద వంట కాదు, బీదవాడు కలగన్న వంట.

గంజి కేంద్రం అన్నమాట మా రాయలసీమ వాళ్ళకి కొత్తది కాదు. 1952 కరువులో పెట్టినవాటి గురించి పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళం. అంతకు ముందు 1876-78 నాటి ధాత కరువుంది. కూలికి రోజుకో పౌను ధాన్యం చాలని రిచర్డ్ టెంపుల్ తేల్చింది ఆ కరువులోనే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఐర్లండ్ కరువులో లండన్ ఖజానాలో కూర్చుని సాయానికి బిగింపులు పెట్టిన చార్లెస్ ట్రెవెల్యన్ పేరు ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు, స్టేడియంలో వేలమంది కలిసి పాడే 'ఫీల్డ్స్ ఆఫ్ అథెన్‌రై' పాటలో ఆ పేరుంది. ఆ పెద్దమనిషే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే మన కోస్తాకీ సీమకీ కూడా ఆయనే దొర. ఏడాది తిరిగాక పైవాళ్ళతో పన్నుల విషయంలో తగువు పడితే వెనక్కి పిలిపించారు, అది వేరే కథ. ఒకసారి ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాట చెబితే, పక్క టీమ్ ఆవిడ చెంచా కింద పెట్టి "మీకూ అతనేనా?" అంది. 

2025 జూలైలో డబ్లిన్ శివార్లలో టాలా అనే చోట ఒక భారతీయుణ్ణి గుంపుగా చేరి దారుణంగా కొట్టారు. ఆగస్టు ఒకటిన మన ఎంబసీ జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది, ఆ నెలలో ఫీనిక్స్ పార్కులో జరగాల్సిన ఇండియా డే వాయిదా పడింది. అప్పట్నుంచీ మనవాళ్ళ ఇళ్ళలో ఒక మాట వింటున్నాను. "వాళ్ళు మనల్ని కొడుతుంటే వాళ్ళ వంట మనకెందుకండీ" అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. చీకటి పడ్డాక బస్సు దిగి నడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. వాళ్ళ వంట నేర్చుకుంటే కొట్టరని నేననడం లేదు, అది పిచ్చిమాట. ఉండటానికి మనం అర్హులమని స్ట్యూ వండి రుజువు చెయ్యక్కర్లేదు. కానీ ఆ మూక ఒక్కటే ఐర్లండ్ అని ఒప్పుకోవడం కూడా నాకిష్టం లేదు. దాడి జరిగిన కొద్దిరోజులకే అదే టాలాలో జనం పోగై దాన్ని ఖండించారు. మనకి కావాల్సింది మన కూరని మన కూరగా వాళ్ళు తినడం అయితే, వాళ్ళదాన్ని వాళ్ళదిగా మనమూ ఒకసారి తినాలి కదా. పసుపు వేసేస్తే ఇచ్చిపుచ్చుకోడానికి ఏం మిగిలింది?

అన్నట్టు, వండిన రోజు కన్నా మర్నాడు బావుంటుంది. రాత్రి ఫ్రిజ్‌లో పెడితే కొవ్వంతా పైన తెల్లగా పేరుకుంటుంది, చెంచాతో తీసెయ్యొచ్చు, అంతా తీసెయ్యకండి. వెచ్చబెట్టేటప్పుడు అరగ్లాసు నీళ్ళు పోస్తే సరి. పక్కన సోడా బ్రెడ్డు. అది లేకపోతే అన్నంలోకి కూడా బానే ఉంటుంది, ఈ మాట ఐరిష్ వాళ్ళ దగ్గర అనకండి. మరీ నోరు చప్పబడితే పళ్ళెం అంచున ఆవకాయ వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు, నేనూ వేసుకుంటాను. గిన్నెలో మాత్రం వెయ్యొద్దు.