సెట్టూ, మన పెట్టూ

పెరుగు సెట్ అయింది. స్లాబు సెట్ అయింది. సంబంధం సెట్ అయింది. పోయిన ఆదివారం ఒక్క రోజులో ఈ మూడు వాక్యాలూ మూడు నోళ్ల నుంచి విన్నాను. మొదటిది వంటింట్లోంచి మా మనవరాలు, రెండోది పక్క స్థలంలో ఇల్లు కడుతున్న మేస్త్రి, మూడోది ఫోనులో మా చెల్లెలు, తన కూతురి పెళ్లి గురించి. మూడూ మంచి వార్తలే. విన్న వెంటనే అర్థమయ్యాయి కూడా. రాత్రి మంచమెక్కాక మాత్రం మనసు అక్కడే ఆగిపోయింది. పాలు తోడుకోవడానికీ, సిమెంటు బిగియడానికీ, పెళ్లి కుదరడానికీ పోలిక ఎక్కడుంది? మూడు పనులకూ మూడు మాటలు మన ఇళ్లలో ఉన్నాయి. ఆ మూడింటినీ లేపేసి వాటి చోట్లో ఒక్క ‘సెట్’ కూర్చుంది.

‘కూర్చుంది’ అని మాటవరసకు అనలేదు. ఆ మాట పుట్టుకే అది. ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం. ‘సెట్’ అంటే మొదట్లో కూర్చోబెట్టడం. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో దాన్ని ‘సెట్టన్’ అనేవారు. ఇంకా వెనక్కి పోతే అది మన సంస్కృతంలోని ‘సద్’ ధాతువుకు తోబుట్టువు. సదస్సు, సదనం, పరిషత్తు, ఉపనిషత్తు అన్నీ ఆ ‘సద్’ నుంచి వచ్చినవే, అన్నిటి లోపలా కూర్చోవడం ఉంది. జిల్లా పరిషత్తు ఆఫీసు బోర్డు మీది చివరి అక్షరాలూ, తెల్లవారుజామున లేవడానికి మనం సెట్ చేసుకునే అలారమూ ఏనాటివో చుట్టాలు.

టీ సెట్టులోని సెట్టు మాత్రం వేరే ఇంటిది. కొన్ని వస్తువులు కలిసి ఒక జట్టుగా ఉండటమనే ఆ అర్థం లాటిన్‌లోని ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఒకరి వెనక నడిచే వాళ్ల గుంపు అని ఆ లాటిన్ మాటకు అర్థం. మత శాఖలను ఇంగ్లీషులో ‘సెక్ట్’ అనేదీ దాని నుంచే. రూపం ఒకటి కావడంతో తర్వాత్తర్వాత రెండు మాటలూ కలిసిపోయాయి. 1874 నుంచి గేయార్గ్ కాంటర్ అనే జర్మన్ గణితవేత్త అనంతాన్ని కొలవడానికి కట్టిన గణితానికి ఇంగ్లీషులో ఈ పేరే దొరికింది. మన పాఠ్యపుస్తకాల్లో అది ‘సమితి’. పదో తరగతి పిల్లవాడు సమితి అని చదివి పరీక్ష రాస్తాడు, ఏ ఇబ్బందీ లేదు.

ఇంత చిన్న మాట ఎంత పని చేస్తుందో ఇంగ్లీషువాళ్లు కూర్చుని లెక్క రాసుకున్నారు. 1879లో జేమ్స్ మర్రే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడయ్యాక ఇంగ్లీషు చదివే వాళ్లందరికీ ఒక విజ్ఞప్తి అచ్చువేసి పంపాడు. మీరు చదివే పుస్తకాల్లో ఏ మాట ఎక్కడ ఎలా వాడారో చిన్న చీటీ మీద రాసి పంపండి అని అడిగాడు. లక్షల చీటీలు వచ్చాయి. తొలి భాగం 1884లో వెలువడింది, మొత్తం పూర్తయ్యేసరికి 1928. మర్రే 1915లోనే పోయాడు. ‘సెట్’ వచ్చే భాగాన్ని సహ సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ కూర్చాడు. 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగైన పద్దు ‘సెట్’ క్రియదే. 430కి పైగా అర్థాలు, దాదాపు 60,000 మాటల వివరణ. ఒక్క మాట గురించి ఒక నవలంత రాశారు. ఇప్పుడు జరుగుతున్న సవరణలో ‘రన్’ దాన్ని దాటింది. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఆ ఒక్క క్రియ మీద తొమ్మిది నెలలు పనిచేసి 645 అర్థాలు తేల్చాడు.

నాకు ఇందులో అంకెల కంటే గొప్పగా తోచేది వేరే ఉంది. ఆ అర్థాలు నిఘంటువులో పుట్టలేదు. కంసాలి ఉంగరంలో రాయి పొదుగుతూ ‘సెట్’ అన్నాడు. ఓడ మనిషి తెరచాప ఎత్తుతూ అన్నాడు. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చేవాడు, విరిగిన ఎముకను సరిచేసేవాడు, వేటకు ఉచ్చు పన్నేవాడు అందరూ అదే అన్నారు. కొత్త పని వచ్చినప్పుడల్లా చేతికి అందిన సొంత మాటకే ఆ పని అప్పగించారు. అలా ఆ మాట పెరిగింది.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. అదే ‘సెట్’ మన వాడుకలోకి వచ్చి ఏ కొత్త పనీ చేయడం లేదు. ఉన్న పనులకు ఉన్న మాటలను పక్కకు నెడుతోంది.

పెరుగు సంగతే చూడండి. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు నిన్నటి పెరుగు ఒక చెంచాడు కలుపుతాం. దాన్ని తోడు అంటాం, కొన్ని ఇళ్లలో చేమిరి అంటారు. పాలను ఒంటరిగా వదలకుండా నిన్నటి పెరుగును తోడుగా పంపుతున్నాం. ఆ తోడు పని చేస్తే పాలు తోడుకుంటాయి. ఏం కలపాలి, ఎందుకు కలపాలి, ఏం జరిగింది అన్నీ ఆ ఒక్క క్రియలోనే ఉన్నాయి. ‘సెట్ అయింది’ అన్న పిల్లకు గిన్నె గట్టిపడిందన్న సంగతే తెలుస్తుంది. పాలకు తోడు కావాలన్న సంగతి ఆ మాట నుంచి తెలియదు. నెయ్యి, కొబ్బరినూనె చలికి గట్టిపడితే వాటిని తోడుకున్నాయని ఎవరూ అనరు, పేరుకున్నాయంటాం. నీళ్లయితే గడ్డకడతాయి. అరిసెల పాకం ముదురుతుంది. గిన్నెలోది ఏదైనా సరే గట్టిపడిన తీరును బట్టి మన వంటింటికి వేరే వేరే మాటలున్నాయి. మామిడి తోటలో పూత నిలిచి పిందె కట్టింది అంటాడు రైతు. వ్యవసాయ శాస్త్రపు ఇంగ్లీషులో అదీ సెట్టే.

మేస్త్రి మాట దగ్గరికి వద్దాం. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు నీళ్లు కలిపాక అరగంట లోపల బిగియడం మొదలుపెట్టకూడదు, పది గంటల లోపల బిగియడం పూర్తి కావాలి. భారతీయ ప్రమాణం చెప్పేది ఇదే. మరీ తొందరగా బిగియకుండా సిమెంటులో జిప్సం కలుపుతారు. బిగిసిన తర్వాత గట్టిపడటం వేరే దశ, అది రోజుల తరబడి సాగుతుంది. అందుకే స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలుపుతారు. ఇంజనీర్లు జాగ్రత్తగా విడదీసి చెప్పే ఈ రెండు దశలకూ బిగియడం, గట్టిపడటం అని తెలుగులో ముందునుంచీ రెండు మాటలున్నాయి. స్లాబు సెట్ అయింది అన్నప్పుడు ఆ మేస్త్రి ఏ దశ చెప్పాడో ఇంటాయనకు తెలియదు. సెంటరింగు విప్పేటప్పుడు ఆ తేడా తెలియడం అవసరం.

ఇక మా మేనకోడలి సంబంధం. కుదిరింది అనడంలో ఉన్న అందం ఏమిటో కుండ చూసిన వాళ్లకు తెలుస్తుంది. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద నిలవదు, దొర్లుతుంది. అందుకని గడ్డితోనో పాత గుడ్డతోనో చుట్టగా చుట్టి దాని మీద నిలబెడతారు. ఆ చుట్ట పేరు కుదురు. మొక్క మొదలుకూ కుదురే అంటాం. ఊడ్చిన నారు వేరుపట్టి నిలిస్తే కుదురుకుంది అంటాం. జ్వరం తగ్గి లేచిన మనిషి కుదుటపడ్డాడంటాం. దొర్లిపోయే స్వభావం ఉన్నది ఒక ఆధారం మీద నిలవడం ఈ మాటలన్నిట్లో ఉంది. రెండు కుటుంబాలు, ఇద్దరు కొత్తవాళ్లు, ఎటైనా దొర్లగల మాట ఒకటి, అది నిలిచింది. ‘సంబంధం కుదిరింది’ అని మా చెల్లెలు అని ఉంటే నాకు ఆ నిలకడ వినిపించేది. మన క్రీడా విలేకరులు ఇప్పటికీ బ్యాటర్ క్రీజులో కుదురుకున్నాడు అనే రాస్తారు. వాళ్లకు నా నమస్కారం.

విరిగిన ఎముకను సరిచేసేవాణ్ని ఇంగ్లీషులో ఆ పేరుతోనే ‘బోన్ సెట్టర్’ అంటారు. మనం మాత్రం ఆ పనిని పుత్తూరు కట్టు అంటాం. తిరుపతి జిల్లా పుత్తూరు దగ్గర తరతరాలుగా కట్టు కట్టే కుటుంబాలున్నాయి. ఎముకను కూర్చడం, కట్టడం, అతుక్కోవడం అని ఆ పనికి అంచెలంచెలుగా మాటలున్నాయి.

అయితే నేను అరువు మాటలకు పగవాణ్ని కాను. సినిమా సెట్టుకు ఇంకో పేరు వెతకడం దండగ. 1957లో ‘మాయాబజార్’కు గోఖలే, కళాధర్ వేయించిన సెట్లు, 2003లో ‘ఒక్కడు’ కోసం వేసిన చార్మినార్ సెట్టు తెలుగువాళ్లవే, ఆ మాటా తెలుగైపోయింది. సెట్ ‘వేశారు’ అని పక్కన మన క్రియ చేర్చి మరీ తెచ్చుకున్నాం. వాలీబాల్లో మామూలుగా 25 పాయింట్లకు ముగిసేది సెట్టే. హోటల్లో సెట్ దోసె కూడా అంతే. కొత్త వస్తువు కొత్త పేరుతో వచ్చింది, కూర్చోనిద్దాం. ఒకప్పటి ఎంసెట్ చివరి సెట్టుకు వీటితో సంబంధమే లేదు, అది పరీక్ష పేరులోని మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిసి అయినది. నా అభ్యంతరం వస్తువుల పేర్ల మీద కాదు, క్రియల మీద. పేరు అరువు తెచ్చుకుంటే ఇంట్లోకి ఒక సామాను వస్తుంది. క్రియను అరువు తెచ్చుకుని సొంతది మానేస్తే చేతిలోని పని పోతుంది.

ఇంకొకటి. ‘సెట్’కు సాటి రాగల మాట మనకు లేకపోతే బాధపడాలి గాని, ఉంది. అదే ‘పెట్టు’. అన్నం పెట్టు, బొట్టు పెట్టు, పేరు పెట్టు, ముహూర్తం పెట్టు, సంతకం పెట్టు, తాళం పెట్టు, లెక్కపెట్టు, నిప్పు పెట్టు, ముద్దు పెట్టు. కోడి గుడ్డు పెడుతుంది. అమ్మ ఆవకాయ పెడుతుంది. దుకాణం పెడతాం, పందెం పెడతాం, గొడవ పెడతాం, కేక పెడతాం, ఆశ పెట్టుకుంటాం, మనసు పెడతాం. నిలబెట్టడం, కూర్చోబెట్టడం, భయపెట్టడం, మొదలుపెట్టడం, విడిచిపెట్టడం అని ఇంకో క్రియకు ఊతమవుతుంది. కనిపెట్టడం అనేసరికి కాపలా కాయడం ఒక అర్థం, కొత్తది కనుక్కోవడం ఇంకో అర్థం. ‘ఈ ఉత్తరం రాసిపెట్టు బాబూ’ అన్నప్పుడు అందులో నా కోసం అన్న మాట దాగి ఉంటుంది. పెట్టుబడి, పెట్టుపోతలు, పెట్టుడు పళ్లు, పెట్టని కోట, పెట్టిపుట్టడం. ఇంగ్లీషువాళ్ల ‘రన్’ కూడా మన దగ్గర పరుగు పెట్టాల్సిందే.

సి.పి. బ్రౌన్ తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లో మద్రాసులో అచ్చు వేయించినప్పుడే ఈ క్రియకు చోటిచ్చాడు. తర్వాత పెద్ద నిఘంటువులు వచ్చాయి. వాటి మీద నాకు గౌరవమే. కానీ ఒక్క ‘పెట్టు’ మీద తొమ్మిది నెలలు కూర్చోగల మనిషికి మన విశ్వవిద్యాలయాల్లో ఒక బల్ల, ఒక జీతం ఉండాలని నా పట్టుదల. చీటీలు పంపేందుకు జనం సిద్ధంగానే ఉన్నారని నేను నమ్ముతున్నాను. శ్రీకాకుళంలో పెట్టే తీరు, ఆదిలాబాదులో పెట్టే తీరు, అనంతపురంలో పెట్టే తీరు ఒకటి కావు. బళ్లారిలో, హోసూరులో, డల్లాసులో స్థిరపడిన వాళ్ల ఇళ్లలో మిగిలినవి ఇంకొన్ని ఉంటాయి.

కాబట్టి ఈ వారం పాఠకులను ఒక్క సాయం అడుగుతున్నాను. మర్రే అడిగినట్టే అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ ఊళ్లో, మీ వృత్తిలో ‘పెట్టు’ ఏ పనికి వాడతారో ఒక వాక్యం రాయండి. ‘సెట్ అయింది’ అనడానికి ముందు మీ అమ్మగారు, మీ తాతగారు ఏ మాట అనేవారో ఇంకో వాక్యం రాయండి. ఊరి పేరు, పని పేరు కింద చేర్చండి. పోస్టు కార్డు చాలు. వచ్చినవన్నీ అక్షర క్రమంలో ఇదే చోట అచ్చు వేస్తాను.