ఇంటి నేస్తాలు: తిన్న వెంటనే కక్కే పిల్లి

గత కొన్ని నెలలుగా ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో పిల్లుల వాంతులను గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మమ్మల్ని ఆలోచింపజేసింది. వారి పిల్లి పెట్టినదంతా ఆవురావురుమని తింటుందట. పళ్ళెం కడిగే లోపుగానే వంటింటి గడప దగ్గర తిన్నది తిన్నట్లే కక్కివేస్తుందట. వెంటనే ఏమీ ఎరుగనట్లు తోక నిక్కించుకొని మళ్ళీ తిండికి వస్తుందట. ఇంట్లో ఉన్న వాంతుల బిళ్ళ సగం విరిచి పాలలో కలిపి పట్టవచ్చునా అని ఆమె అడిగారు. పట్టరాదు. ఈ ఒక్క మాట ముందుగా చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాము.

పిల్లి నోటి నుండి ఆహారం బయటకు రావడం రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, మింగినది కడుపులో ఇమడకముందే అన్నవాహిక నుండి వెనుకకు వచ్చివేయడం. ఇది సాధారణంగా తిన్న కొద్ది నిమిషాలలోనే జరుగుతుంది. పొట్ట ఎగరదు, డోకు ఉండదు. తల వంచగానే ఆహారం జారిపడుతుంది. ఒక్కొక్కప్పుడు గొట్టం ఆకారంలో కూడ ఉంటుంది. రెండవది అసలైన వాంతి. అది వచ్చే ముందు పిల్లి పెదవులు నాకుకుంటుంది, చొంగ కారుస్తుంది, ఒక మూలకు పోయి పొట్ట ఎగరవేస్తూ డోకుతుంది. అప్పుడు పడేది సగం అరిగిన ఆహారమో, తెల్లని నురగో, పసుపుపచ్చని పసరో అయి ఉంటుంది. పశువైద్యుడు మొదట అడిగేది ఈ తేడానే. కనుక చీదరించుకొని వెంటనే తుడిచివేయకుండ, ఒక్క క్షణం పరిశీలించి, తిన్న ఎంతసేపటికి కక్కినదో గడియారం చూచి గుర్తుంచుకోవాలి. సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే మరీ మంచిది.

సోదరి ఉత్తరంలోనే కారణం దాగి ఉన్నది. భర్తది షిఫ్టు డ్యూటీ, ఆమె కూడ ఉద్యోగస్థురాలు. పిల్లికి తెల్లవారి ఆరు గంటలకు ఒకసారి, మళ్ళీ రాత్రి తొమ్మిదికి ఒకసారి తిండి. నడుమ పదిహేను గంటల ఉపవాసం. మన క్వార్టర్లలో చాల ఇళ్ళ పద్ధతి ఇదే. కాని స్వభావసిద్ధంగా పిల్లి ఒక ఎలుకను పట్టి తిని, కొంతసేపు కునికి, మరొక ఎలుక కోసం బయలుదేరే జంతువు. దాని కడుపు రోజుకు పది పన్నెండు చిన్న ముద్దలకు అలవాటు పడినది. పదిహేను గంటల ఆకలి మీద గిన్నెడు తిండి కనబడితే నమలకుండ గాలితో సహా మింగివేస్తుంది. ఒక్కసారిగా సాగిన కడుపు దానిని నిలుపుకోలేక వెనుకకు పంపివేస్తుంది. ఇందులో రోగమేమీ లేదు.

కాబట్టి చికిత్స పళ్ళెంతోనే మొదలు కావాలి. రోజుకు పెట్టే తిండిని పెంచవద్దు, తగ్గించవద్దు. దానినే నాలుగైదు భాగాలు చేయాలి. సి షిఫ్టు ముగించుకొని వచ్చినవారు ఒక భాగం, బడి నుండి వచ్చిన పిల్లలు ఒక భాగం పెట్టవచ్చును. ఎవరు ఎప్పుడు పెట్టినదీ ఒక కాగితం మీద గీత గీసుకోకపోతే నాలుగు పూటలు ఆరు పూటలవుతాయి. ఈ విషయంలో పిల్లి సాక్ష్యాన్ని నమ్మరాదు. లోతైన గిన్నెకు బదులు వెడల్పాటి పళ్ళెంలో తిండిని పలుచగా పరచాలి. మింగడానికి వీలుకానంత పెద్దవి, నున్ననివి, రెండు మూడు గులకరాళ్ళను శుభ్రంగా కడిగి పళ్ళెంలో ఉంచితే, వాటి చుట్టూ ఏరుకొని తినవలసి వచ్చి వేగం దానంతట అదే తగ్గుతుంది. ఇంట్లో రెండు పిల్లులుంటే పోటీపడి తింటాయి. వాటికి వేరు వేరు గదులలో పెట్టాలి. ఫ్రిజ్ లోనుండి తీసిన తిండిని చల్లదనం పోయిన తరువాతనే పెట్టాలి. కొత్త రకం క్యాట్ ఫుడ్ మొదలుపెట్టేవారు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ, వారం పదిరోజులలో పూర్తిగా మార్చాలి.

పాల సంగతి చెప్పక తప్పదు. పిల్లీ పాలూ మన సామెతలలో విడదీయరాని జంట. నిజానికి తల్లిపాలు మానిన తరువాత చాల పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి తగ్గిపోతుంది. పాలు విరేచనాలకు, కొన్నింటికి వాంతులకు కూడ కారణమవుతాయి. త్రాగడానికి నీళ్ళు చాలును. పెరుగన్నం మీదనే పిల్లిని పెంచేవారు కూడ అది మాంసాహార జంతువని మరువరాదు. అయితే కూరలో మిగిలిన కోడిమాంసం పెట్టవద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉప్పు కారం లేకుండ ఉడికించిన మాంసం విడిగా తీసి ఉంచాలి.

నాలుక మీది ముళ్ళకు చిక్కి కడుపులోకి పోయిన వెంట్రుకలు ఉండగట్టి అప్పుడప్పుడు బయటపడటం మరొక కారణం. ఉత్తరాది యూనిట్లలో ఉన్నవారు చలికాలం ముగిసే రోజులలో దీనిని ఎక్కువగా గమనిస్తారు. రోజూ దువ్వడమే దీనికి మందు.

ఇంతకంటే భయపడవలసినది దారం. కుట్టుపని దారం, గాలిపటాల మాంజా, మన ఇళ్ళలో మల్లెపూల దండ దారం, ఏదైనా పిల్లికి ఆటవస్తువే. మింగిన దారం నాలుక క్రింద చిక్కుకొని, రెండవ కొస ప్రేగులలోకి పోతే, ప్రేగులు కుచ్చిళ్ళవలె ముడుచుకొని కోసుకుపోతాయి. నోటిలో గాని, మలద్వారం వద్ద గాని దారం కొస కనిపిస్తే లాగవద్దు, కత్తిరించవద్దు; వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. ఇటువంటి సమయంలో వాంతుల బిళ్ళ వేస్తే కొన్ని మందులు ప్రేగుల కదలికను మరింత పెంచి ప్రాణం మీదికి తెస్తాయి. సోదరికి వద్దని చెప్పడానికి ఇది ఒక కారణం.

రెండవ కారణం చెప్పడానికి మాకు కష్టంగా ఉన్నది. మాకు బాగా తెలిసిన ఒక ఇంటిలో, రెండుమార్లు కక్కి నలతగా పడుకున్న పిల్లిపిల్ల ఒళ్ళు వెచ్చగా ఉన్నదని, పిల్లల జ్వరానికి తెచ్చిన పారాసిటమాల్ బిళ్ళ ముక్క ఒకటి వేశారు. సాయంత్రానికి దాని ముఖం వాచినది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగినవి. తెల్లవారే సరికి అది లేదు. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి మనుషుల కాలేయానికి ఉన్నట్లు పిల్లి కాలేయానికి లేదు. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి పెద్ద పిల్లికి కూడ ప్రాణాంతకం కాగలదు. వేసిన ఆ తల్లికి పిల్లి మీద ప్రేమ లేక కాదు. ఆ మాట ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు, మేము కూడ చెప్పలేదు.

ఒకసారి కక్కి, తరువాత హుషారుగా తిరిగే పెద్ద పిల్లికి కొన్ని గంటలు తిండి ఆపి, నీళ్ళు కొద్దికొద్దిగా ఇచ్చి, ఆపైన చప్పిడి మాంసం ఒక చెంచాడు పెట్టి చూడవచ్చును. కాని ఒకే రోజు పలుమార్లు వాంతి అయినా, నెత్తురు కనిపించినా, నీళ్ళు కూడ నిలువకపోయినా, ఒక రోజు పూర్తిగా తిండి ముట్టకపోయినా ఆలస్యం చేయరాదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకుండ ఉంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రమాదంలో పడుతుంది. టీకాలు వేయించని పిల్లిపిల్లలకు వాంతులు, నీరసం కలిసి వస్తే అది పార్వో జాతి అంటువ్యాధి కావచ్చును. వాటి విషయంలో గంటలు కూడ లెక్కే. మగపిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుంటూ, చుక్క పడక, వాంతి చేసుకుంటుంటే అర్ధరాత్రి అయినా బయలుదేరవలసినదే. పదేళ్ళు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతూ, తరచు కక్కుతుంటే మూత్రపిండాలకు, థైరాయిడుకు రక్తపరీక్ష చేయించాలి.

సోదరి ముందుగా రెండు వారాల పాటు పళ్ళెం పద్ధతి మార్చి చూడవలసినదిగా మా మనవి. నెమ్మదిగా తిన్నప్పటికీ వెనుకకు వస్తుంటే అన్నవాహికనే పరీక్ష చేయించవలసి ఉంటుంది. ఇకపై ఉత్తరాలు వ్రాసేవారు పిల్లి వయస్సు, బరువు, వేయించిన టీకాలు, పెట్టే తిండి, పెట్టే వేళలు తప్పక తెలియజేయాలి.