కొత్త ఫోన్ కొనుక్కోమని చెప్పేవాళ్లకు ఒక మాట

పోస్టు కొంచెం పొడుగున్నది. టైమ్ ఉన్నప్పుడు మొత్తం చదవండి.

స్కాలర్‌షిప్ రెన్యువల్, అడ్మిషన్ ఫారం, ఫీజు, హాల్ టికెట్ అన్నీ ఇప్పుడు ఆన్‌లైనే. లాస్ట్ డేట్ దగ్గరికొచ్చినప్పుడల్లా ఈ గ్రూపులో అవే మెసేజ్‌లు వస్తయి. "పేజీ తెల్లగ వస్తుంది", "సబ్మిట్ బటన్ కనబడ్తలేదు", "బాక్సులు ఒకదాని మీద ఒకటి ఎక్కినయి". కింద జవాబులు కూడా అవే. నెట్ చూస్కో తమ్మీ, ఫోన్ పాతదైంది మార్చు. మా హాస్టల్‌లో ఫస్టియర్ పిల్లలు ఆ జవాబు చదివి తప్పు నిజంగానే తమదే అనుకుంటరు. ఇంట్లో అడుగుదామంటే మనలో చాలామందిమి కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం, చెప్పేటోళ్లు ఉండరు. ఇగ ఆటో కిరాయి పెట్టుకొని మండలం దాక పోయి, నెట్ సెంటర్‌లో లైన్ కట్టి, ఫారానికి ఇంత అని ఇచ్చి వస్తరు. ఆ రోజు సర్వర్ డౌన్ అయితే మళ్లీ రేపు.

మేము చెప్పేది ఏందంటే, ఇట్లాంటి వాటిల్లో చాలావరకు తప్పు ఆ పేజీ తయారు చేసినోళ్లది. కోపంతో అంటలేము. బీఎస్సీ కంప్యూటర్స్ చదువుకుంట, ఆ పేజీలు లోపల ఎట్లుంటయో చూసినంక అంటున్నం.

వెబ్ పేజీలో విషయం ఒక దగ్గర ఉంటది, అది ఎట్ల కనబడాల్నో చెప్పే రూల్స్ ఇంకో దగ్గర ఉంటయి. ఆ రూల్స్‌నే స్టైల్ షీట్ అంటరు, సీఎస్ఎస్ అని మనం చదివేది అదే. దీని మొదటి ప్రమాణం 1996 డిసెంబర్‌లో వచ్చింది. ప్రమాణం వచ్చింది గానీ బ్రౌజర్లు దాన్ని తలా ఒక తీరుగ అమలు చేసినయి. అప్పట్లో నెట్‌స్కేప్‌కు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు గట్టి పోటీ. ఒక డబ్బా వెడల్పు ఇంత అని రాస్తే, ప్రమాణం ప్రకారం అది లోపలి జాగా కొలత. పాత ఎక్స్‌ప్లోరర్ మాత్రం అంచులు కూడా కలిపి కొలిచేది. ఇల్లు ఎంత పొడుగు అంటే ఒకరు గోడల లోపల కొలిచి చెప్తరు, ఇంకొకరు గోడలతో కలిపి చెప్తరు, అట్లన్నమాట. తమాషా ఏందంటే, ఏ కొలత కావాల్నో రాసేటోళ్లే చెప్పుకునే రూల్ తర్వాత వచ్చింది. ఇయ్యాల ఎక్కువమంది వాడేది ఆ పాత ఎక్స్‌ప్లోరర్ కొలతనే.

2001లో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. పోటీ గెలిచినంక ఆ కంపెనీ ఐదేళ్లు కొత్త వెర్షన్ తేలేదు, ఏడోది 2006లో వచ్చింది. అంతదాక సైట్లన్నీ దాని తప్పులకు తగ్గట్టే కట్టిన్రు. మన దేశంల ప్రభుత్వ సైట్ల అడుగున కూడా "ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో బాగా కనబడుతుంది" అనే లైను చాలా ఏళ్లు ఉన్నది. తెలుగు పత్రికల సైట్లు కొన్ని సొంత ఫాంట్లతో నడిచేవి. ఫైర్‌ఫాక్స్‌లో అవి చదవాలంటే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు ఆ కొట్లాట అయిపోయింది అంటరు. 2022 జూన్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను మూసేసిన్రు. ఎడ్జ్ కూడా 2020 నుంచి క్రోమ్ లోపలుండే ఇంజన్ మీదనే నడుస్తున్నది. నిజమే, కంపెనీల మధ్య తేడా తగ్గింది. ఇప్పుడు తేడా అంతా ఫోన్ వయసు దగ్గర ఉన్నది. 2023లో ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు కొత్త క్రోమ్ రావడం ఆగింది. 2025లో ఆండ్రాయిడ్ 8, 9 కూడా ఆ లిస్టులో చేరినయి. కొత్త ఆండ్రాయిడ్ ఉన్నా మెమరీ నిండిపోయి అప్‌డేట్ ఎక్కని ఫోన్లు మన హాస్టళ్లలో ఎన్ని ఉన్నయో మీకే తెలుసు. ఇగ 2017లో వచ్చిన జియో ఫోన్ సంగతి చూడండి. దాంట్లో ఉండే కైఓఎస్ బ్రౌజర్ 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48 ఇంజన్ మీద నడుస్తది. పేజీని గళ్లు గళ్లుగా అమర్చే గ్రిడ్ పద్ధతి ఫైర్‌ఫాక్స్‌కు, క్రోమ్‌కు, సఫారీకి వచ్చింది 2017 మార్చిలో. అంటే ఆ ఫోన్‌కు గ్రిడ్ అంటే ఏందో తెల్వదు.

తెల్వకపోతే పేజీ పాడు కావాల్నా? అవసరం లేదు. అసలు మాట ఇక్కడే ఉన్నది. తెలియని రూల్ వస్తే దాన్ని వదిలేసి ముందుకు పోవాలని సీఎస్ఎస్ ప్రమాణంలోనే రాసి ఉన్నది. మన అవ్వలు సంతలో బేరం ఆడేటప్పుడు చూడండి. తెలుగు సగమే వస్తది, తెలియని మాట వదిలేస్తరు, తెలిసిన మాటలతోనే లెక్క కుదుర్చుకొని వస్తరు. బ్రౌజర్ కూడా అంతే. గ్రిడ్ తెలియకపోతే పక్కపక్కన రావాల్సిన డబ్బాలు ఒకదాని కింద ఒకటి వస్తయి. అందంగా ఉండదు, కానీ ఫారం నింపొచ్చు. సరిగ్గా రాసిన పేజీ పాత ఫోన్‌లో సాదాగా కనబడ్తది, మాయం కాదు.

మరి తెల్లగ ఎందుకు వస్తుంది? జావాస్క్రిప్ట్‌కు ఈ ఓపిక లేదు. తెలియని రాత ఒక్కటి ఎదురైతే మొత్తం ఫైలే ఆగిపోతది. 2020లో క్రోమ్‌కు వచ్చిన ఒక చిన్న ప్రశ్నార్థకం, చుక్క కలిపిన గుర్తును 2019 నాటి క్రోమ్ చదవలేదు. ఫారం మొత్తాన్ని జావాస్క్రిప్ట్‌తోనే కట్టి, పాత బ్రౌజర్ల కోసం దాన్ని మార్చి పెట్టకపోతే ఇగ ఖాళీ పేజీనే. సబ్మిట్ బటన్ దాక్కునేది ఇంకో కథ. స్క్రీన్ ఎత్తు నూటికి నూరు అని రాస్తే, పైన అడ్రస్ బార్ తినే జాగా లెక్కలోకి రాక అడుగున ఉన్న బటన్ కిందికి పోతది. దీనికి 2022లో కొత్త కొలత వచ్చింది. పాత కొలత ఒక లైన్, దాని కింద కొత్త కొలత ఒక లైన్ రాస్తే సరి. పాత బ్రౌజర్ మొదటిది తీసుకుంటది, కొత్తది రెండోది తీసుకుంటది. రెండు లైన్ల పని.

ఎదురు మాట కూడా ఉన్నది, అది తీసిపారేసేది కాదు. అప్‌డేట్ ఆగిన బ్రౌజర్ సేఫ్ కాదు. బ్యాంకు పనులు అందులో చెయ్యకపోవడమే మంచిది. ప్రతి పాత ఫోన్‌ను పరీక్షించుకుంట కూర్చోవడం కూడా ఎవరితోని కాదు. ఒప్పుకుంటం. కానీ సినిమా టికెట్ల సైటు వేరు, స్కాలర్‌షిప్ సైటు వేరు. ఇంట్లో డబ్బు లేదని రుజువు చెయ్యమని ఆదాయ సర్టిఫికెట్ అడుగుతరు. ఆ సర్టిఫికెట్ అప్‌లోడ్ చెయ్యడానికి ఆ ఆదాయంతో కొనలేని ఫోన్ కావాలంటే ఎట్ల? భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నయి, మూడో రూపం 2023లో వచ్చింది. వేరే వేరే బ్రౌజర్లలో సైటును పరీక్షించాలని, ప్రాంతీయ భాషల ఫాంట్లను కూడా చూడాలని మొదట్నుంచీ వాటిల్లో ఉన్నదే. మనం కొత్తగా ఏం అడుగుతలేం.

ఫాంట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. చాలా ఫోన్లలో ఆ ఫాంట్ ఉండదు, డబ్బాలే కనబడ్తయి. స్టైల్ షీట్‌లో ఒక రూల్ రాస్తే ఫాంట్ పేజీతో పాటే వస్తది. కానీ డేటా మిగులుతదని మనోళ్లు వాడే ఒపెరా మినీ ఆ ఫాంట్‌ను తీసుకోదు. మన భాషల పేజీలు చేసే అన్నలు లిపి పక్కనే తెలుగు అక్షరాల్లో కూడా రాస్తే ఆ ఫోన్లలోనూ చదువుకుంటరు.

ఇకమీద పేజీ ఓపెన్ కాకపోతే ఊరికే "అయితలేదు" అని పెట్టకండి. స్క్రీన్‌షాట్, ఫోన్ పేరు, ఆండ్రాయిడ్ నంబర్, క్రోమ్ సెట్టింగ్స్ అడుగున "అబౌట్ క్రోమ్"లో కనబడే వెర్షన్, ఇవన్నీ కలిపి పెట్టండి. నలుగురివి ఒకే తీరుగ ఉంటే అందరి పేరు మీద ఆ ఆఫీసుకు రాద్దాం, లాస్ట్ డేట్ పొడిగించమని అడగడానికి కూడా అదే ఆధారం. మా క్లాసులో ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకు ఒక ఫారం పేజీ చేస్తున్నం. ఇంట్లో మూలకు పడేసిన పాత ఫోన్లు ఎవరి దగ్గరన్న ఉంటే వారం రోజులకు ఇవ్వండి, టెస్టింగ్‌కు కావాలి. ఆండ్రాయిడ్ 6, 7వి రెండు దొరికినయి. జియో ఫోన్ ఒక్కటి కూడా దొరకలేదు. ఉన్నోళ్లు కింద కామెంట్ పెట్టండి, మేమే వచ్చి తీసుకపోతం.