నెత్తురు తీయు చేతికి రక్ష



గతమాసమున మా అత్తగారికి రక్తపరీక్ష చేయింపవలసి, నెత్తురు తీయుటకు ఒక అమ్మాయిని ఇంటికి పిలిపించితిమి. ఆ పిల్ల చేతులు కడుగుకొని రబ్బరు తొడుగులు ధరించుచుండగా అత్తగారి మొగము చిన్నబోయినది. "ఆ తొడుగు లెందుకమ్మా? మమ్ము ముట్టుకొన్న మైలపడుదువా?" అని యడిగిరి. పెద్దావిడ మనసు నొచ్చినదని ఆమె వానిని తీసివేయబోగా నేను వారించితిని. నాడు అత్తగారికి చెప్పిన మాటలనే నేడు మీకును విన్నవించుచున్నాను.

ఆసుపత్రిలో పనిచేయువారి క్షేమము నచటి అధికారులు విచారింతురు. మన యింటికి వచ్చినవారికి ఆ కొంతసేపు మన యిల్లే పనిచోటు. కావున అచట ఆ భారము గృహిణిది.

నెత్తురుద్వారా వ్యాపించు వ్యాధులలో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. ముఖ్యములు. ఇవి గలవారు పెక్కుకాలము ఆరోగ్యవంతులవలెనే కనుపింతురు. తమకు గలదని తామే యెరుగనివారును గలరు. అందువలన మొగము చూచి భేదము పాటింపక, ఎల్లరియెడలను ఒకే జాగ్రత్త వహింపవలెనని వైద్యశాస్త్రము విధించినది. తొడుగు ధరించుట మనలను శంకించుట గాదు. ఒక్కొక్క రోగికి తొడుగులు మార్చి, చేతులు కడుగుకొన్నచో ఒకరి రోగము వేరొకరికి అంటదు గనుక, అది మనకును రక్షయే.

అయినను తొడుగు సూదిమొనను ఆపజాలదు. రోగియొక్క నెత్తురంటిన సూది గ్రుచ్చుకొన్నచో, హెచ్.ఐ.వి. సోకుట సుమారు వేయింట ముగ్గురికి. హెపటైటిస్ బి యైనచో, టీకా లేనివారిలో నూటికి 6 మొదలు 30 మంది వరకు సోకవచ్చును.

చిన్నపోటే గదా యని తలంపరాదు. 1847వ సంవత్సరమున వియన్నా నగరమున కొలెచ్కా అను వైద్యాచార్యుడు శవపరీక్ష చేయించుచుండగా, ఒక విద్యార్థి చేతికత్తి ఆయన వ్రేలికి తగిలినది. ఆ గాయము విషమించి ఆయన మరణించెను. ఆయన మిత్రుడగు సెమ్మెల్వైస్ ఆ మరణవివరములు చదివి, తన ప్రసూతిశాలలో బాలింతలను బలిగొనుచున్న జ్వరమును అట్టిదే యని గ్రహించెను. శవములను కోసిన చేతులతోనే అచటి వైద్యులు, విద్యార్థులు గర్భిణులను పరీక్షించుచుండిరి. క్లోరిను కలిసిన సున్నపునీటితో చేతులు కడుగనిదే లోనికి రారాదని ఆయన కట్టడి చేసెను. ఆ యేప్రిలులో నూటికి 18 మంది బాలింతలు మరణింపగా, జూనులో ఆ సంఖ్య 2కు దిగెను. ఒక వైద్యుని వ్రేలిగాయమే తల్లుల ప్రాణరక్షణకు త్రోవ చూపినది. పనిచేయువారి క్షేమమును, రోగి క్షేమమును విడదీయరానివని దీనివలన తేటపడుచున్నది.

ఇక మనము చేయవలసిన దేమి? రోగిని వెలుతురుగల చోట, చేయి కదలకుండ ఆనునట్లు కూర్చుండబెట్టవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. చేతులు కడుగుటకు నీరు, సబ్బు చూపవలెను. సూది చేత నున్నంతసేపు ఆమెను పలుకరింపరాదు; తొందరపెట్టరాదు. వాడిన సూదికి మరల మూత పెట్టబోవునపుడే పోట్లు పెక్కు తగులును. అందువలన దానిని వెంటనే గట్టి డబ్బాలో వేయవలెను. ఆ డబ్బాను చేతికందునంత దగ్గర నుంచుకొనుటకు చోటీయుడు.

ఒకవేళ సూది గ్రుచ్చుకొన్నచో, ఆ చోటును పారునీటిలో సబ్బుతో కడుగవలెను. వ్రేలిని పిండరాదు, నోటబెట్టుకొనరాదు. పసుపు అద్ది యూరకుండరాదు. హెచ్.ఐ.వి.ని నివారించు మందును కొద్దిగంటలలోనే మొదలిడవలెను. 72 గంటలు దాటినచో దానివలన ఫలముండదు. మొదలిడినపిదప 28 దినములు వాడవలెను. కొలువు పోవునను భయముతో పోటును దాచుకొను పిల్లలు గలరు. అట్లు దాచనీయక, ఆసుపత్రికి పంపుడు. మన రోగి నెత్తురును పరీక్షింప వలయునని వైద్యులు కోరినచో సమ్మతింపుడు. అందు లజ్జపడవలసినది లేదు.

మీ కుమార్తెగాని కోడలుగాని నర్సు పని, పరీక్షాశాల పని నేర్చుచున్నచో, హెపటైటిస్ బి టీకా వేయించితిరా? మొదటిది వేయించిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయింపవలెను. 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దీనిని తయారుచేసి, సామాన్యులకందు వెలకు తెచ్చినది. హెపటైటిస్ సి వ్యాధికి టీకా లేదు. జాగ్రత్తయే దానికి రక్ష.

ఇన్సులిను వాడు ఇండ్లవారికి మరియొక మాట. ఆ సూదులను చెత్తలో పారవేసినచో, అవి చెత్త నెత్తువారి చేతులలో దిగును. గట్టి మూతగల డబ్బాలో నుంచి ఆసుపత్రివారికి అప్పగింపుడు.

ఈ మాసమున ఆ అమ్మాయి మరల వచ్చినది. గడప దాటకమునుపే మా అత్తగారు, "నీ తొడుగులు తెచ్చితివా తల్లీ? ముందు వేసుకొనుము. మజ్జిగ పిమ్మట త్రాగవచ్చును" అనిరి.