ఎల్బీడబ్ల్యూ తెలిస్తేనే చప్పట్లా?

మగవాళ్లకో చిత్రమైన అలవాటుంది. ఇంట్లో ఆడది టీవీలో క్రికెట్టు చూస్తూ "అబ్బ, భలే కొట్టింది" అందనుకోండి, వెంటనే పరీక్ష మొదలెడతారు. "సరే, ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో చెప్పు చూద్దాం!" అదే ఆయనగారు సంగీత కచేరీలో ముందు వరసలో కూర్చుని తల ఊపుతూ ఉంటే "ఇది ఏ రాగమండీ?" అని మనం ఎప్పుడైనా అడిగామా? రాగం తెలియకపోయినా తల ఊపొచ్చట. ఎల్బీడబ్ల్యూ తెలియకుండా చప్పట్లు మాత్రం కొట్టకూడదట!

నేను పుట్టింది పుంగనూరు, మెట్టింది మదనపల్లె, మా అక్క కాపురం కుప్పంలో. ఈ మూడూళ్లలోనూ క్రికెట్టు అంటే మగవాళ్ల పండగే. 1996లో బెంగుళూరులో పాకిస్తాన్‌తో క్వార్టర్ ఫైనల్ జరిగిన రోజు పుంగనూరులో మా నాన్నగారి స్నేహితులు పదిమంది మా ముందుగదిలో చేరారు. అమ్మా, అక్కా, నేనూ వంటింట్లో. ఆ మ్యాచి గురించి నాకు గుర్తున్నదల్లా అయిదుసార్లు టీ పెట్టామన్నదొక్కటే. లోపల్నుంచి కేకలు వినిపిస్తే, మనవాళ్లు కొట్టారో వాళ్లది వికెట్టు పడిందో తెలియక ముఖముఖాలు చూసుకునేవాళ్లం.

అలాంటి నేను ఇవాళ అమ్మాయిల మ్యాచి ఉందంటే నవల మధ్యలో ఆపేసి కూర్చుంటున్నాను. దీనికి మా ఇంట్లో చెప్పుకునే కారణం "ఈమధ్య ఈవిడకి ఏమీ తోచడంలేదు" అని. తోచకపోవడం కాదండీ. ఏ ఆట మీదైనా అభిమానం పాలు తోడుకున్నట్టు తోడుకోవాలి. కదపకుండా, తొందరపెట్టకుండా ఉంటే దానంతటదే గడ్డకడుతుంది.

నా పాలలో తోడుచుక్క పడింది 2017 జులైలో. చేటలో కందిపప్పు పోసుకుని బాగుచేస్తున్నాను. టీవీలో డెర్బీ అనే ఊళ్లో హర్మన్‌ప్రీత్ కౌర్ అనే పంజాబీ పిల్ల ఆస్ట్రేలియా వాళ్లని చితకబాదుతోంది. 171 కొట్టి, అవుట్ కాకుండా నిలిచింది. కందిపప్పు సంగతి మర్నాటికి వాయిదా పడింది. మూడురోజుల తర్వాత, ఆదివారం, లార్డ్స్‌లో ఇంగ్లండుతో ఫైనలు. మనవాళ్లు 191కి మూడే వికెట్లు పోగొట్టుకున్నారు. ఇంకో 38 పరుగులు చాలు, కప్పు మనదే. మిగిలిన ఏడు వికెట్లూ 28 పరుగుల్లో రాలిపోయాయి. తొమ్మిదంటే తొమ్మిది పరుగులతో ఓడిపోయాం. ఓవరుకి ఎన్ని బంతులో కూడా అప్పటికి నాకు సరిగ్గా లెక్కలేదు. అయినా కెప్టెన్ మిథాలీ రాజ్ ముఖం చూసి ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పరీక్ష పెట్టే మగమహారాజులు దీన్ని ఏ ఖాతాలో రాసుకుంటారో రాసుకోనివ్వండి.

నియమాలంటారా, అవి మెల్లిగా వాటంతటవే వచ్చాయి. అక్కా నేనూ ఫోనులో ఒకరికొకరం చెప్పుకున్నాం. "ఏం మే, చూస్తా ఉండావా? ఆ పాప నిలబడినచోటే ఉండింది గదా, ఎట్లా అవుట్ ఇచ్చినారు?" అని అక్క అడిగితే, ఇద్దరం కలిసి తేల్చుకునేవాళ్లం. క్రీజు అని గీత ఒకటి ఉంటుంది చూశారా, అది మన గడపలాంటిది. బ్యాటు పట్టుకున్నామె ఉత్సాహంగా గడప దాటిందా, బంతి తప్పిపోయిందా, వెనకాల కాచుకుని ఉన్నావిడ ఠక్కున వికెట్లు పడగొట్టేస్తుంది. ఈ సంగతి ఆడదానికి ఒకరు విడమరచి చెప్పాలా?

మనకు ఆసక్తి లేకపోవడం వల్లే ఇన్నాళ్లూ చూడలేదన్న మాట కూడా అబద్ధమే. చూపిస్తే కదా చూసేది! 1978లో ఆడవాళ్ల ప్రపంచకప్పు మనదేశంలోనే జరిగింది. కప్పు ఎవరిదో తేల్చిన ఇంగ్లండు, ఆస్ట్రేలియాల మ్యాచి మన హైదరాబాదులో, లాల్‌బహదూర్ స్టేడియంలో ఆడారు. మీ అమ్మగారినో అత్తగారినో అడిగి చూడండి, తెలుసేమో. హైదరాబాదు నుంచి వచ్చిన పూర్ణిమా రావు 1990లలో దేశానికి కెప్టెన్సీ చేసింది. ఆవిడ ఫోటో మన గోడల మీద ఎక్కడైనా చూశామా? ఆ రోజుల్లో ఈ అమ్మాయిలు రిజర్వేషను లేని పెట్టెల్లో కిట్లు మోసుకుంటూ తిరిగేవారు. మగవాళ్లతో సమానంగా మ్యాచి ఫీజు ఇస్తామని బోర్డు చెప్పింది 2022లో.

ఆ ఏడాది చివర్లోనే ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి దేశం తరఫున ఆడింది. తర్వాత 2025లో మన కడపజిల్లా పిల్ల నల్లపురెడ్డి శ్రీచరణి వచ్చింది. ఎడమచేతి స్పిన్ను. ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది. విశాఖపట్నంలో ఆస్ట్రేలియా మీద మూడు వికెట్లు పడగొట్టిన రోజు కుప్పంలో మా అక్క కూర మాడ్చేసిందట. నవంబరు 2న నవీ ముంబయిలో ఫైనలు. మ్యాచికి ముందు పిల్లలు వరసగా నిలబడి జనగణమన పాడుతుంటే మా మదనపల్లెవాళ్లకి గర్వం కొంచెం ఎక్కువే. 1919లో ఠాగూరు ఈ ఊరికి వచ్చినప్పుడు ఆ పాటకి స్వరాలు కూర్చింది మార్గరెట్ కజిన్స్. భారత స్త్రీకి ఓటు కావాలని 1917లోనే గొడవపెట్టిన మనిషి ఆవిడ. అర్ధరాత్రికి 52 పరుగులతో గెలిచాం. అన్నట్టు, దక్షిణాఫ్రికా అమ్మాయి అన్నెకె బాష్‌ని శ్రీచరణి సున్నాకి పంపింది ఎల్బీడబ్ల్యూగానే. అది ఎందుకు అవుటో నాకు తెలుసు. ఇంట్లో ఆయనకి మాత్రం చెప్పను.

ఇంతవరకూ మగవాళ్లని అన్నాను కదా అని మీరు సంతోషించకండి. ఇక మన వంతు.

మర్నాడు పొద్దున మదనపల్లెలో నాకు తెలిసిన ప్రతి తల్లి ఫోనులోనూ శ్రీచరణి ఫోటోయే. మా వెనకవీధిలో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకతి ఉంది. సందులో తమ్ముడికి బంతులేస్తూ ఉంటుంది. ఆ ఫోటో పెట్టుకున్న వాళ్లమ్మే, అదే వారంలో, పిల్లని స్కూలు జట్టులోంచి మాన్పించేసింది. ఎందుకమ్మా అంటే మూడు కారణాలు చెప్పింది. "ఎండలో నల్లగా అయిపోతా ఉందక్కా. కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్లెట్లా? గ్రౌండులో సాయంత్రం అంతా మగపిల్లోళ్లే."

మా ఊరి టమోటా మార్కెట్టులో పొద్దుగూకే దాకా ఎండలో నిలబడి కాయలు ఏరే ఆడవాళ్లున్నారు. వాళ్లు నల్లబడతారని ఎవరూ దిగులుపడగా నేను వినలేదు. కాళ్లు విరగడానికి స్కూటీ చాలు, క్రికెట్టే అక్కర్లేదు. మూడో కారణం మాత్రం నిజం. పుంగనూరులో చూసినా, కుప్పంలో చూసినా, మదనపల్లెలో చూసినా సాయంత్రం మైదానం మగపిల్లలదే. ఆడపిల్ల కనిపించిందంటే అమ్మ పక్కన వాకింగుకి వచ్చిందన్నమాట.

"అందరూ శ్రీచరణిలు అవుతారా?" అని కూడా అడిగిందావిడ. ప్రభుత్వం ఆ అమ్మాయికి ప్రకటించిన రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం ఆవిడకి కంఠతా వచ్చు. అంతా అదృష్టమట. మరి మన వీధుల్లో కిటికీ అద్దాలు పగలగొట్టిన మగపిల్లలంతా టెండూల్కర్లు అయ్యారా? వాళ్లకి బ్యాటు కొనిచ్చేటప్పుడు ఎవరైనా ఈ ప్రశ్న వేశారా? శ్రీచరణి కూడా బళ్లో వేరే ఆటలాడి, పదహారేళ్లొచ్చాకే క్రికెట్టుని గట్టిగా పట్టుకుంది. మనం సరిగ్గా అంతకు ముందే, పదమూడేళ్లకే, పిల్లని ఇంట్లో కూర్చోబెడుతున్నాం. ఇంట్లో పిల్లని కూర్చోబెట్టి ఊరి పిల్ల ఫోటో పెట్టుకోవడాన్ని అభిమానం అనడానికి నాకు నోరు రావడంలేదు.

చివరికి ఆవిడ "సరే అక్కా, పంపిస్తా. తోడు ఎవురొస్తారు?" అంది. నేను వస్తానన్నాను. మనం ఎలాగూ రోజూ సాయంత్రం అదే గ్రౌండు చుట్టూ ముప్పావుగంట నడుస్తున్నాం. అందులో వారానికి మూడురోజులు నడక మాని, ఒక మూల కుర్చీలు వేసుకుని కూర్చుంటే, ఆ మూల ఆడపిల్లలది అవుతుంది. పదిమంది తల్లులు కూర్చున్నచోటికి ఏ మగపిల్లాడూ వచ్చి "లేవండి" అనడు. సోమ, బుధ, శుక్రవారాలు అయిదున్నరకి అనుకున్నాం. ప్రస్తుతానికి ఆవిడా నేనూ ఇద్దరమే. ఇంకా ఎనిమిదిమంది కావాలి. ఎల్బీడబ్ల్యూ తెలియనక్కర్లేదు.