ఊపిరిని అంగడిపాలు చేయరాదు



గరాచర్మ వంటి అండమాన్ ఊళ్ళలో స్థిరపడిన తెలుగు పెన్షనర్లకు, ఊపిరితిత్తులు దెబ్బతిన్ననాడు, చేత పట్టుకొని తిరగగల ఆక్సిజన్ యంత్రం కొనుక్కోమని చెప్పేవారికి కొదవ లేదు. కొనేముందు ఏమి చూడాలో చెప్పేవారే కరవు. ఆ భారం ఎవరు మోయాలని అడిగేవారు మరీ కరవు. ఈ రెండు విషయాలనూ తేల్చి చెప్పదలచాము.

ఆయాసపడే ప్రతివారికీ ఈ యంత్రం అక్కరలేదు. విశ్రాంతిలో ఉన్నప్పుడే రక్తంలో ఆక్సిజన్ తీవ్రంగా, స్థూలంగా 88 శాతానికో అంతకు దిగువకో, పడిపోయిన దీర్ఘరోగులకు రోజుకు 15 గంటలు, అంతకు పైగా ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్ పరిశోధనలు చూపాయి. లోటు స్వల్పమైతే అట్టి ప్రయోజనం లేదని 2016లో మరొక అమెరికా పరిశోధన తేల్చింది. కనుక నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు అని వైద్యుని చేత రాయించుకోకుండా అంగడి మెట్టు ఎక్కరాదు.

ఇక అమ్మకందారుల గారడీ. యంత్రంపై '5' అంకె చూసి నిమిషానికి 5 లీటర్లని కొనేవారు భ్రమపడతారు. భుజాన తగిలించుకొనే 2, 3 కిలోల యంత్రాలలో అత్యధికం ఊపిరి పీల్చిన క్షణాన మాత్రమే ఒక గుక్క ఆక్సిజన్ వదులుతాయి. అంకె ఆ గుక్క పరిమాణానికి గుర్తు మాత్రమే. నిమిషానికి అట్టి యంత్రం తయారుచేసేది సుమారు ఒక లీటరు. నిద్రలో ఊపిరి పలచబడితే ఆ గుక్క కూడా అందకపోవచ్చు. ఎడతెగని ధార కావలసిన రోగికి ఇంట నిలిపే పెద్ద యంత్రమే శరణ్యం. రోగిని నడిపించి, ఆక్సీమీటరుతో పరీక్షించి చూపనిదే పైకం చెల్లించరాదు.

దీవులలో మరొక చిక్కు ఉన్నది. ఈ యంత్రాలు జియోలైట్ గుళికలతో గాలిలోని నైట్రోజన్‌ను పట్టివేసి ఆక్సిజన్‌ను వేరుచేస్తాయి. తేమ ఆ గుళికలకు శత్రువు. అవి చెడినా యంత్రం చప్పుడు చేస్తూనే ఉంటుంది. శుద్ధత మాత్రం పడిపోతుంది. కనుక శుద్ధత తగ్గితే హెచ్చరించే అలారం ఉండి తీరాలి. కరెంటు పోతే ఆదుకొనే సిలిండరూ ఉండాలి. 10 లీటర్ల నీరు పట్టే సిలిండరులో ఒత్తిడితో నింపిన ఆక్సిజన్ సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు వస్తుంది. మరమ్మతుకు చెన్నై గాని విశాఖ గాని పంపాలంటే నడుమ సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. అది తిరిగివచ్చేదాకా రోగి ఊపిరి బిగపట్టుకొని కూర్చుంటాడా? బదులు యంత్రం ఇస్తామని రాసివ్వని వర్తకుని గ్యారంటీ చిత్తుకాగితమే.

ధరల సంగతి 2021లోనే బయటపడింది. ఆ ఏడు జూన్ 3న ఈ యంత్రాలపై వర్తక లాభాన్ని 70 శాతానికి పరిమితం చేస్తూ, అంతవరకు పంపిణీదారుల లాభం 198 శాతం దాకా ఉన్నదని ప్రభుత్వమే ఒప్పుకొన్నది. రోగి నిస్సహాయతే అక్కడ పెట్టుబడి!

ఇట్టి అంగడికి మనవారిని ఒంటరిగా తోలుతున్నదెవరు? తపాలా ఉద్యోగికి వర్తించే 1944 నాటి వైద్య నియమాలు అతడు విరమించిన నాడే ఆగిపోతాయి. సి.జి.హెచ్.ఎస్. లేని ప్రాంతపు పెన్షనరుకు 2017 జులై నుంచి నిర్ణయించిన వైద్యభత్యం నెలకు 1,000 రూపాయలు. లక్ష రూపాయల యంత్రానికి అది 100 నెలల భత్యం! రైల్వే పెన్షనర్లకు 1997 నాటి ఆరోగ్య పథకం ఉన్నది. కాని రైలు పట్టాలే లేని దీవులలో రైల్వే ఆసుపత్రి ఎక్కడిది?

సంఘాలు జీతభత్యాలు చూసుకోవాలి గాని యంత్రాల జోలి ఎందుకని కొందరు అంటున్నారు. ఆవిరి ఇంజన్ల పొగ పీల్చిన వృద్ధులు, మెయిలు సంచుల దుమ్ము మింగిన వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి ఊపిరి సంఘానికి పట్టకపోతే మరి పట్టేది ఏమిటి?

కనుక మేము డిమాండ్ చేస్తున్నాము:

1. వైద్యుడు ధ్రువీకరించిన ఉద్యోగికీ, పెన్షనరుకూ శాఖే యంత్రాన్ని ఎరువుగా ఇవ్వాలి. అవసరం తీరాక తిరిగి తీసుకొని మరొకరికి ఇవ్వాలి.

2. దీవుల తపాలా వ్యవస్థ పశ్చిమబెంగాల్ సర్కిల్ క్రింద ఉన్నందున, ఆ సర్కిల్ అధికారులే దీవులలో బదులు యంత్రాలు, సిలిండర్లు, మరమ్మతు ఏర్పాటు చేయాలి.

3. రైల్వే పెన్షనరు దీవులలోనే చికిత్స, యంత్రం పొందే ఏర్పాటును రైల్వే బోర్డు చేయాలి.

ఈ డిమాండ్లను ప్రతి శాఖా సమావేశంలో చర్చించి తీర్మానాలు పంపవలసిందిగా కోరుతున్నాము. అంతవరకు సంఘ శాఖను సంప్రదించకుండా ఏ సభ్యుడూ ఏ వర్తకుని కాగితంపైనా సంతకం చేయరాదు.